పూలు కోయరాదు: సటీకాతాత్పర్యము

మూలం: పూలు కోయరాదు.

అవతారిక. ఈ వాక్యం నంద్యాలలోనూ ఆళ్లగడ్డలోనూ కాంపౌండు గోడల మీద, గేట్ల మీద, ఒక్కోచోట చెట్టు మెడలోనే వేలాడే రేకుముక్క మీద దర్శనమిస్తుంది. కర్త పేరు చెప్పుకోడు. తెల్లవారకముందే సంచి పట్టుకుని వీధిలోకి వచ్చేవాళ్ల కోసం పుట్టిందని మాత్రం సందర్భాన్ని బట్టి గ్రహించాలి. మూలంలో లేనిది రాయననీ, అక్కరలేనిది చెప్పననీ కావ్యవ్యాఖ్యాత మల్లినాథసూరి ప్రతిజ్ఞ చేశాడు. రెండు మాటల మూలానికి ఆ నియమం పాటిస్తే వ్యాఖ్యాత పస్తుండాలి గనుక, రెండో సగాన్ని ఇక్కడ కొంచెం సడలించుకుంటున్నాం.

ప్రతిపదార్థం. పూలు = నందివర్ధనాలు, గన్నేర్లు, మందారాలు, నూరువరహాలు మొదలైనవి; నంద్యాల నవనందుల ఊరు కాబట్టి నందివర్ధనానికే మొదటి తాంబూలం. ఇక్కడ బహువచనం ఒక చిక్కు తెస్తుంది. మీమాంసకుల కపింజల న్యాయం ప్రకారం బహువచనం మూడుతో తృప్తి పడుతుంది. కాబట్టి నిషేధం మూడు పూలతో మొదలు, ఒకటీ రెండూ కోసుకుంటే దోషం లేదని సంచివాదులు అంటారు. అది చెల్లదు. సోమపాత్రను తుడవమని ఏకవచనంలో చెప్పినా పాత్రలన్నీ తుడవాల్సిందే అన్న గ్రహైకత్వ న్యాయం కూడా ఆ మీమాంసకులదే. ఏ వస్తువు గురించి విధి చెబుతున్నారో దాని సంఖ్యను పట్టించుకోనక్కరలేదు. కోయ = తుంచుట. రాలిన పారిజాతాలను ఏరుకోవడం ఇందులోకి రాదు, అక్కడ కోత లేదు గనుక. రాదు = తగదు. ‘ఈత రాదు’ అన్నట్టు ‘కోయడం చేతకాదు’ అని అర్థం చెప్పేవాళ్లున్నారు గానీ, సంచులు నిండుతున్న తీరు చూస్తే ఆ అర్థం నిలవదు.

ఇక అసలు విచారణ. ఈ వాక్యంలో ఉండాల్సిన మాట ఒకటి లేదు: ‘మా’. ‘మా పూలు కోయరాదు’ అని ఎందుకు రాయలేదు? స్థలం చాలక కాదు, ఒక్క అక్షరమే కదా. చెట్టు గోడ లోపల ఉంటే ఈ పలకతో పనే లేదు, గేటుకు గడియ చాలు. పలక అవసరమైందంటే చెట్టు గోడకూ మురుగు కాలువకూ మధ్యనున్న మూరెడు జాగాలో, అంటే వీధిలో, ఉందన్నమాట. 1965 నాటి మున్సిపాలిటీల చట్టం వీధిని పురపాలక సంఘానికి అప్పగించింది. అందుకే రాసినవాడి చేయి ‘మా’ దగ్గర తడబడింది. కనుక ఈ వాక్యం పూలదొంగల గురించి చెప్పేది తక్కువ, ఇంటివాడికి లోపల మన్ను లేదని చెప్పేది ఎక్కువ.

మన్ను లేకపోవడమేమిటి, కుందూ ఒడ్డున నల్లరేగడికి కరువా అని అడగవచ్చు. ఆ రేగడిని నమ్మి 1906లోనే నంద్యాలలో వ్యవసాయ పరిశోధన క్షేత్రం పెట్టారు. పత్తికి అది బంగారం, పునాదికి శత్రువు. తడిస్తే ఉబ్బుతుంది, ఎండితే చేయి దూరేంత నెర్రెలిస్తుంది, పైనున్న గోడను తనతోపాటే చీలుస్తుంది. అందుకని ఇల్లు కట్టేవాడు ముందు రేగడిని తవ్వి పారేసి గరుసు నింపుతాడు. దానిమీద బండలు పరుస్తాడు. బేతంచెర్ల ఎంతో దూరం లేదు, బండకు కొదవ లేదు. గుమ్మం నుంచి గేటు దాకా పరిచేస్తే కడగడం తేలిక, బురద ఉండదు. ఆ తర్వాత తులసమ్మకు తప్ప ఇంకో మొక్కకు చోటుండదు. అప్పుడు కడియం నర్సరీ మొక్క కొని, సంచి ఎర్రమట్టి కొని, గోడ బయట నాటి, పలక తగిలిస్తారు. ఊళ్లోకెల్లా మంచి మన్నును పారబోసినవాడు సంచుల్లో మన్ను కొనడం అనే అలంకారానికి లాక్షణికులు పేరు పెట్టినట్టు లేదు.

దీనికి మేస్త్రీ పక్షం ఒకటుంది, తీసిపారేయదగింది కాదు. లోపల మొక్క పెడితే పోసిన నీళ్లు పునాదిలోకి దిగుతాయి, రేగడి ఉబ్బుతుంది, గోడ పగులుతుంది అంటాడు. నిజమే. కానీ గోడకు బయట ఆనించి పెట్టిన గన్నేరుకు పోసే బిందెడు నీళ్లు ఎటు పోతున్నాయి? తాను గోడకు ఏ వైపున ఉన్నదీ నీటికి తెలియదు. భయం పునాది గురించే అయితే, ఇంటిగోడకు దూరంగా, గేటు పక్కన, లోపలివైపు ఒక బండ లేపడమే మేలు.

నీళ్లు పోసినవాడిదే పువ్వు అన్నది రెండో ఆక్షేపణ. పెంచినవాడికి మనసులో హక్కుంటుంది, కాదనలేం. అయితే హక్కును నీటితోనే కొలిస్తే మహానంది కోనేటి ముందు తలవంచాలి. అక్కడ గుడి లోపల ఊరే నీరు ప్రాకారం దాటి అరటితోటలకు పారుతుంది, ఏ గెలకూ దేవుడి పలక వేలాడదు.

మూడోది భక్తుల వాదం: దేవుడి కోసం కోస్తే దొంగతనమా? దీనికి గౌతమ ధర్మసూత్రం అండగా ఉంది. ఆవుకు గడ్డి, అగ్నికి సమిధలు, తీగల పూలు, చెట్ల పూలు తనవే అనుకుని తీసుకోవచ్చునంటుంది. పళ్లయితే కంచె లేనివి మాత్రమే. ‘కంచె లేనివి’ అన్న విశేషణం పళ్లకేనా, పూలకు కూడా అన్వయిస్తుందా? పళ్లకే అంటే గోడ లోపలి మందారానికీ రక్షణ లేదు. పూలకు కూడా అంటే గోడ బయటి నందివర్ధనానికి లేదు. ఎటు తిప్పినా పలక ఓడుతుంది. అయితే సూత్రం సంచివాదికి పూర్తి గెలుపేమీ ఇవ్వదు. ఆళ్లగడ్డ శిల్పులు చెక్కిన దేవుళ్లు ఎన్నో ఊళ్లకు తరలిపోతారు. ఎక్కడికి పోయినా ఒక విగ్రహానికి ఒక దోసెడు పూలు చాలు. చెట్టును మొగ్గలతో సహా దులిపేయడం ఏ దేవుడి కొలతకూ సరిపోదు.

తాత్పర్యం. ఓ బాటసారీ, ఈ ఇంటి బండల కింద ఎక్కడా మన్ను మిగల్లేదు. మా వేళ్లు నీ వీధిలో ఉన్నాయి. దయచేసి చూసీచూడనట్టు పొమ్మని భావం.

పాఠాంతరం. పడమటి గోడల ప్రతుల్లో జాగ్రత్త అవసరం. నంద్యాల మే నెల ఎండకు రంగు పెచ్చులూడేది ఒక్కోసారి చివరి నుంచే. ‘దు’ ఒక్కటి రాలిందా, మిగిలే పాఠం: పూలు కోయరా.