యాభైల ఆసామి

ఏ పేటకెళ్ళినా ఇలాంటాయన ఒకరు తగులుతారు. పొద్దున్నే పార్కులో నాలుగు చుట్లు చుట్టి, టీ కొట్టు ముందు బెంచీ మీద చతికిలబడి, ఎఫ్.ఎం.లో వస్తున్న పాట ఇంకా పల్లవైనా దాటకముందే, "పాటలంటే యాభైల్లోవేనండీ. ఆ తర్వాతవన్నీ మోతలు" అని తీర్పు చెప్పేస్తారు. ఎవరూ అడిగుండరు. టీ కొట్టతను అసలు వినడు. రేడియో అతనికి బేరం కోసం. కానీ బెంచీ రెండో కొసన కూర్చున్న మనిషి గ్లాసు కింద పెట్టాడంటే మాత్రం ఆ పూటకి పంచాయితీ మొదలైనట్టే.

మా పేటలో ఆ పదవి లెక్కల మాస్టారిది. హైస్కూల్లో పిల్లలకి లెక్కలు చెప్పీ చెప్పీ రిటైరయ్యారు. మనిషి మెత్తన. ఉల్లిపాయల ధర మీద గానీ, ఎలక్షన్ల మీద గానీ, ఆఖరికి అల్లుడి మీద గానీ ఒక్క పరుషమైన మాట అనరు. పాటల దగ్గరికొచ్చేసరికి మాత్రం ఆసామి అయిపోతారు. యాభైలు ఆయన పొలం. అందులో ఇంకొకరి గేదె పడితే ఊరుకోరు.

విచిత్రమేమిటంటే ఆ పొలం ఆయన దున్నింది కాదు. 1951లో మల్లీశ్వరి వచ్చేటప్పటికి మాస్టారు ఇంకా పుట్టనే లేదు. 1957లో మాయాబజార్ ఆడుతుంటే వాళ్ళమ్మగారి ఒళ్ళో కూర్చుని చూశారట. పాటలొచ్చినప్పుడల్లా గుర్రుపెట్టి నిద్రపోయేవాడని వాళ్ళక్కగారు ఇప్పటికీ చెబుతారు. ఇదంతా అన్నగారి దగ్గర్నుంచి వచ్చిన ఆస్తి. ఆ అన్నగారు రేడియో సిలోనులో తెలుగు పాటల వేళకి నోటు పుస్తకం పట్టుకుని కూర్చుని, పాట, సినిమా, రాసినవారు, కట్టినవారు, పాడినవారు అని గళ్ళు గీసి మరీ ఎక్కించుకునేవారు. ఆ పుస్తకాలు ఇప్పుడు మాస్టారి బీరువాలో ఇంటి దస్తావేజుల పక్కనే ఉన్నాయి. స్వార్జితమైతే మనిషి కాస్త ఉదారంగా ఉంటాడేమో గానీ, తాతలనాటి ఆస్తి అనేసరికి సెంటు కూడా వదలబుద్ధి కాదు.

ఆయన గౌరవం కూడా ఏడాదిని బట్టి తూకం వేసి ఇస్తారు. యాభైల వాళ్ళకి ఇంటిపేరూ, పక్కన 'వారూ' తప్పనిసరి: సాలూరి వారు, పెండ్యాల వారు, పింగళి వారు, దేవులపల్లి వారు. డెబ్భైలకి వచ్చేసరికి అది 'గారు'కి దిగుతుంది. ఎనభైల్లో ఒట్టి పేరే మిగులుతుంది. 2000 దాటాక అందరూ "ఎవడో కుర్రాడు". 2023లో 'నాటు నాటు'కి ఆస్కార్ వచ్చిన పొద్దున బెంచీ అంతా పండగ చేసుకుంటుంటే, "ఎవడో కుర్రాడు రాశాడటగా" అన్నారు. రాసిన చంద్రబోస్‌కి యాభై దాటాయి, కట్టిన కీరవాణికి అరవై దాటాయి. ఆ మాట చెబితే, "అది స్టెప్పులకి వచ్చిందోయ్" అని తేల్చేశారు.

లెక్కల మాస్టారికి దశాబ్దమంటే పదేళ్ళని వేరే చెప్పాలా? చెప్పాల్సే వస్తోంది. ఆయన యాభైలు 1949లోనే మొదలవుతాయి, ఎందుకంటే లైలామజ్ను, కీలుగుర్రం ఆ ఏడు వచ్చాయి. 1964లో గానీ ముగియవు, ఎందుకంటే మూగమనసులు వదులుకోలేరు. 1961 నాటి జగదేకవీరుని కథ ఎటూ మధ్యలో పడుతుంది కాబట్టి అదీ లోపలే. "అరవై ఒకటి యాభైల్లోకి ఎలా వచ్చింది మాస్టారూ?" అని ఎవరో అడిగితే, "పాటలు కట్టిన పెండ్యాల వారు యాభైల మనిషి కారటోయ్?" అన్నారు. అలా గట్టు ఏటా ఇంత జరిగీ జరిగీ, పదేళ్ళ చెక్క కాస్తా పదహారేళ్ళయింది.

గట్టుకి అవతల ఎనభైల ఆసామి ఉన్నాడు. ఇన్సూరెన్సు ఆఫీసులో చేసి ఈమధ్యే దిగాడు. మాస్టారిని "బాబాయిగారూ" అని నోరారా పిలుస్తాడు. మర్యాద ఆ పిలుపు వరకే. అతని దేవుడు ఇళయరాజా. సాగరసంగమం, సితార, రుద్రవీణ, గీతాంజలి అని జపమాల తిప్పినట్టు తిప్పుతాడు. మరి అతని గట్టయినా నిలిచే గట్టా అంటే, అదీ కాదు. అతనికి రెండు సినిమాల మీద ప్రాణం: ఒకటి శంకరాభరణం, రెండోది జగదేకవీరుడు అతిలోకసుందరి. మొదటిది 1980 ఫిబ్రవరిలో వచ్చింది, రెండోది 1990 మేలో. సున్నాతో మొదలుపెట్టి తొమ్మిదితో ముగిస్తే అతిలోకసుందరి తొంభైల్లోకి ఎగిరిపోతుంది. పోనీ ఒకటితో మొదలుపెట్టి సున్నాతో ముగిద్దామా అంటే శంకరశాస్త్రిగారు డెబ్భైలకి లేచి వెళ్ళిపోతారు. ఎటు కొలిచినా ఒకటే దక్కుతుంది. అతనికి రెండూ కావాలి. ఈ మెలిక ఒకరోజు మాస్టారు కాగితం మీద గీసి చూపించారు. ఆ పూట ఆయన మొహం చూడాల్సింది. పదో క్లాసు పిల్లాడి చేత సమీకరణం సాధింపజేసినంత వెలుగు. జగదేకవీరుణ్ణి అడ్డం పెట్టుకుని తనూ అదే పని చేస్తున్న సంగతి ఆ వెలుగులో కనపడలేదు. మానవుల దగ్గరికి దిగివచ్చిన దేవకన్యల కథలు రెండూ, హద్దు దాటించి తెచ్చుకున్నవే రెండూ.

"శంకరాభరణం మాదే బాబాయిగారూ. జనం చూసింది 1980లో."

"జనం సంగతి వదిలెయ్యవోయ్. జాతీయ అవార్డులు ఏ ఏటి సినిమాగా ఇచ్చారు? 1979. ఢిల్లీ వాళ్ళు ఒప్పుకున్నది నువ్వు ఒప్పుకోవేం?"

"అంటే అది డెబ్భైల సినిమా అంటారు. డెబ్భైల్లో గొప్ప పాటలున్నాయని ఒప్పుకున్నట్టేగా?"

మాస్టారు టీ చల్లారిపోయిందని గ్లాసు వైపు చూసుకున్నారు.

అసలు చిక్కంతా డెబ్భైల దగ్గరే ఉంది. దానికి ఆసామి లేడు. ఇటువాళ్ళు ఇంత, అటువాళ్ళు ఇంత కలుపుకోగా మిగిలిన బంజరు. మాస్టారి దృష్టిలో 1974 ఫిబ్రవరి 11న ఘంటసాల పోవడంతో పాట పోయింది. తర్వాత వచ్చినదంతా చీరలు ఆరేసుకోవడమే. ఆ చీరల సినిమా, 1977 నాటి అడవిరాముడు, ఆయనకి కంట్లో నలుసు. అయితే దానికి బాణీలు కట్టింది కె.వి.మహదేవన్, రాసింది వేటూరి. మూడేళ్ళు తిరక్కుండా శంకరాభరణానికి కట్టిందీ రాసిందీ కూడా వాళ్ళే. ఈ ముక్క బెంచీ మీద పెడితే మాస్టారు "పొట్టకూటి కోసం చేసుంటారు పాపం" అన్నారు. మాస్టారి భార్య కూరల సంచీతో అటుగా పోతూ ఆగి, "అడవిరాముడు కొత్తగా పెళ్ళయినప్పుడు మూడుసార్లు తీసుకెళ్ళారు నన్ను" అని చెప్పి వెళ్ళిపోయింది. ఆవిడ ఎప్పుడూ అంతకంటే ఎక్కువ మాట్లాడదు.

నన్నడిగితే (ఎవరూ అడగలేదు, అయినా బెంచీ గాలి సోకింది) ఆ బంజరులోనే పంట ఎక్కువ. పాటతో శ్రీశ్రీకి జాతీయ అవార్డు తెచ్చిన అల్లూరి సీతారామరాజు 1974. ముత్యాలముగ్గు 1975. సిరిసిరిమువ్వ, అంతులేని కథ రెండూ 1976. మరోచరిత్ర 1978. ఆత్రేయ ముసలితనం, వేటూరి తొలివయసు ఒకే అరకకు కట్టిన పదేళ్ళవి. ఇలా అనగానే ఇద్దరు ఆసాములూ ఒక్కటై నామీద పడతారు గనక, నేనీ మాట ఎప్పుడూ పైకి అనలేదు.

సాక్ష్యాలకి కొదవుండదు. మాస్టారు 78 ఆర్‌పీఎం ప్లేటు ఎత్తుతారు: ఒక వైపు మూడు నిమిషాల పైచిలుకు, ఆ కాస్తలోనే పల్లవి, రెండు చరణాలు, రాగం, భావం అన్నీ ఇమడాలి, అదీ పొదుపంటే! "ప్లేటులో చోటు లేక ఇమిడ్చారు బాబాయిగారూ" అంటాడు అవతలాయన. మిస్సమ్మలో సాలూరి వారి బాణీని హిందీవాళ్ళు 1957లో మిస్ మేరీకి పట్టుకెళ్ళారని మాస్టారు ఛాతీ విరుస్తారు. "మరి మనవాళ్ళు హిందీ నుంచి దింపుకున్నవో?" అనగానే ఆయనకి దగ్గొస్తుంది. మాట ముందా, బాణీ ముందా అన్నది ఇంకో వారం నడుస్తుంది. మహదేవన్ సాహిత్యం చేతికొచ్చాకే బాణీ కట్టేవారు, అదీ పద్ధతి అని ఒకరు. బాణీ ముందిచ్చినా వేటూరి కవిత్వం తగ్గిందా అని ఇంకొకరు. ఈ వాదనలో మాత్రం సరుకుంది. పార్కులో తిరిగే వాళ్ళు కూడా ఆగి వింటారు.

ఒకే ఒక్కసారి నిజంగా చెడింది. ఎనభైలాయన మాట తూలి, "మీ ఘంటసాల ఇప్పుడు వినపడేది ఎవరైనా పోతేనే కదండీ" అన్నాడు. భగవద్గీత గురించి. అందులో అబద్ధమేమీ లేదు. మా వైపు వీధి చివర ఘంటసాల గీత మొదలైందంటే, ఎవరింట్లో అని జనం గుమ్మాల్లోకి వస్తారు. ఆ గీత ఆయన పోయాక విడుదలైందన్నదీ నిజమే. కానీ అనకూడని మాట. మాస్టారు చాలా రోజులు పార్కు మానేశారు. అవతలాయన చివరికి ఇంటికెళ్ళి, సొరుగులో ఉన్న పాతాళభైరవి పాటల పుస్తకం చేతికిచ్చి వచ్చాడు. ధర అణాల్లో అచ్చయి ఉన్న పుస్తకం. సంధి కుదిరింది.

మాస్టారికి ఇంటిపోరు కూడా ఉంది. కొడుకు తొంభైల మనిషి. క్యాసెట్ల కొట్టుకి చీటీ రాసిచ్చి, ఏ వైపు ఏ పాటలో చెప్పి ఎక్కించుకునే రోజుల్లో మాస్టారు జగదేకవీరుని కథ పాటలన్నీ ఒక క్యాసెట్ మీదికి తెచ్చుకున్నారు. దాని మీద ఎవరూ వేరే పాట ఎక్కించకుండా వెనకవైపు మూలనున్న బుల్లి ప్లాస్టిక్ పలకని పిన్నీసుతో విరగ్గొట్టి మరీ దాచారు. 1996లో ఇంటర్ చదువుతున్న కొడుకు ఆ చిల్లు మీద సెలోటేపు ముక్క అంటించి ప్రేమదేశం ఎక్కించాడు. పూర్తిగా ఎక్కించినా బాగుండేది. తెర మీద ఒక్క రామారావే పలువురు రామారావులై వాయిద్యాలు అందుకునే ఆ దర్బారీ కానడలో, ఘంటసాల గొంతు పైపైకి వెళుతుండగా 'టక్' మని ఒక చప్పుడు, వెంటనే రెహమాన్ గిటారు. ఆ క్యాసెట్ ఇప్పటికీ ఉంది. మాస్టారు దాన్ని కోర్టు ఎగ్జిబిట్‌లా దాచారు.

కొడుకు పండక్కి వచ్చినప్పుడు బెంచీ దగ్గరికి కూడా వస్తాడు. అప్పుడు మాత్రం యాభైలూ ఎనభైలూ ఒకే జట్టు. "రోజా మాది" అని అతనంటే, "అది అరవం, డబ్బింగ్ లెక్కలోకి రాదు" అని ఇద్దరూ కోరస్ పాడతారు. "మాటలు రాజశ్రీగారివి, అచ్చ తెలుగు. అయినా మీ మూగమనసులు కట్టిన మహదేవన్‌ది నాగర్‌కోయిల్ కాదా? ఈయన గీతాంజలికి దర్శకుడు ఎవరు, సంగీతం ఎవరు?" అని అతను అడుగుతాడు. "గీతాంజలి తెలుగులో తీసి అరవంలోకి పంపార్రా!" అని మాస్టారు అరుస్తారు. ఎనభైల సినిమాని మాస్టారు వెనకేసుకు రావడం నేను చూసింది అప్పుడే.

ఇంత జరుగుతున్నా ఈ బెంచీ మీద ఒక పాట రెండో చరణం దాకా వెళ్ళగా ఎవరూ వినలేదు. పల్లవికే తగువు మొదలు. పెళ్ళి రిసెప్షన్లలో కూడా అంతే. ఆర్కెస్ట్రా పిల్లాడికి చీటీ పంపి మల్లీశ్వరి పాట పాడించుకుంటారు మాస్టారు. వాడు ఫోన్లో సాహిత్యం చూసుకుంటూ, ప్యాడ్స్ మీద దరువు వెనక నుంచి తరుముతుంటే, పాపం శ్రద్ధగానే పాడతాడు. ఆ పాట నడుస్తున్నంతసేపూ మాస్టారు వెనక వరసకి తిరిగి, ఇలాంటి పాట ఇప్పుడెందుకు రాదో వివరిస్తుంటారు.

మొన్న ఎనభైలాయన ఆరు నెలలకని డాలస్‌లో కూతురి దగ్గరికెళ్ళాడు. మొదట్లో ఫోన్లు నడిచాయి. ఇక్కడి పొద్దుటి తగువు అక్కడ రాత్రిపూటకి పడి, పడుకున్న మనవలు లేచి ఏడుస్తున్నారని కూతురు ఫోను పక్కన పెట్టించింది. మాస్టారు బెంచీ మీద ఒంటరిగా రేడియోని తిట్టుకుంటూ కూర్చుంటుంటే, కొత్త ఫ్లాట్లలోకి దిగిన సాఫ్ట్‌వేర్ కుర్రాడొకడు టీ పట్టుకుని పక్కన చేరాడు. మంచి పిల్లాడు. పెద్దలంటే గౌరవం.

"పాటలంటే యాభైల్లోవేనోయ్" అన్నారు మాస్టారు, మీసం సర్దుకుంటూ.

"అవునంకుల్. కరెక్ట్."

మాస్టారు కాస్త ఆగారు. "ఆ తర్వాతవన్నీ మోతలు."

"నిజమేనంకుల్. మాయాబజార్ కలర్లో వచ్చినప్పుడు మా నాన్నతో వెళ్ళి చూశాను. ఇప్పుడు అలాంటివి ఎక్కడున్నాయి?"

"ఎనభైల్లో కూడా ఏమీ లేదంటావు?"

"మీరన్నాక ఇంకేముందంకుల్."

మాస్టారు మొహం గంటు పెట్టుకున్నారు. గ్లాసు ఠపీమని బెంచీ మీద పెట్టారు.

"అంత తేలిగ్గా ఎలా తేల్చేస్తావోయ్? సితార విన్నావా? జానకమ్మకి జాతీయ అవార్డు ఊరికే ఇచ్చారా? మేఘసందేశం? రమేష్ నాయుడు పేరైనా విన్నావా? ఎనభైల్లో ఏమీ లేదని ఇంకోసారి అను, చూద్దాం."

"నేనేమీ అన్లేదంకుల్."

"అన్లేదా?" అన్నారు మాస్టారు, అతని వైపు పూర్తిగా తిరిగి కూర్చుంటూ. "అయితే ఇప్పుడు అను."