ముందు సీటు, వెనక సీటు: ఒక గ్రామర్ పుస్తకం ఆత్మకథ

ఇది ఒక పాత గ్రామర్ పుస్తకం ఆత్మకథ. అయినా ఇందులో ఎక్కడా అది ‘నేను’ అని చెప్పుకోదు. ‘నేను’ సర్వనామం, ఈ కథేమో నామవాచకాలది. అందుకే తన ప్రస్తావన వచ్చిన ప్రతిచోటా ‘ఈ పుస్తకం’ అనే అంటుంది.

అసలు పేరు ‘హైస్కూల్ ఇంగ్లిష్ గ్రామర్ అండ్ కాంపోజిషన్’. ఎవరూ అంత పొడుగ్గా పిలవరు, రెన్ అండ్ మార్టిన్ అంటే చాలు. రాసిన ఇద్దరిలో పి.సి. రెన్ 1924లో వచ్చిన ‘బో జెస్ట్’ నవలతో పేరు తెచ్చుకున్నవాడు. గ్రామర్ 1930ల్లో అచ్చయింది. తర్వాతి ముద్రణలను సవరించినది ఎన్.డి.వి. ప్రసాదరావు. అట్ట మీద ఆ పేరు చూసిన తెలుగు పిల్లలకు ఈ పుస్తకం కాస్త సొంతమనిపిస్తుంది.

ఈ పుస్తకం కోఠిలో సెకండ్‌హ్యాండ్‌లో చేతులు మారి, కొత్తపేటలో ఒక ట్యూషన్ గదికి చేరింది. బ్రౌన్ పేపర్ అట్ట, ఊడిన కుట్టు. నౌన్ల పాఠం దగ్గర పేజీల అంచులు వేళ్లు తగిలి తగిలి నల్లబడ్డాయి.

ఒక సాయంత్రం, పోటీ పరీక్షకు చదువుతున్న నల్లగొండ అమ్మాయి ఆ పేజీ మీద చెయ్యి పెట్టి ఆగిపోయింది.

“కామన్, ప్రాపర్, కలెక్టివ్, అబ్‌స్ట్రాక్ట్... రకాలన్నీ వచ్చు సార్. వాక్యంల ఏ నౌన్ ఏం చేస్తుందంటే మాత్రం తెలుస్తలేదు.”

“రోజూ ఏ స్టేషన్‌ల దిగుతవ్ బిడ్డా?”

“విక్టోరియా మెమోరియల్ సార్.”

“బోర్డు మీద ఉన్నట్టు మొత్తం రాయి.”

విక్టోరియా మెమోరియల్ మెట్రో స్టేషన్. 2018 సెప్టెంబర్ 24న అమీర్‌పేట నుంచి ఎల్బీనగర్ దాకా రైలు మొదలైనప్పటి నుంచీ కొత్తపేట వాళ్ల నోట నలుగుతున్న పేరు. అందులోని నాలుగు మాటలూ నౌన్లే. కానీ అసలు వస్తువు చివరిదైన స్టేషన్ ఒక్కటే. ముందున్న మూడూ అది ఏ స్టేషనో చెప్పడానికి వచ్చాయి. దాని కింద సార్ ఒక జత రాశారు: ‘ఫ్రూట్ మార్కెట్’, ‘మార్కెట్ ఫ్రూట్’. మొదటిది స్థలం, రెండోది తినేది. మాటలు అవే, సీట్లు మారాయంతే.

తెలుగులో మాట రూపమే ఆ పని చూపిస్తుంది. ‘పండ్లు’ మార్కెట్ ముందుకు రాగానే ‘పండ్ల’ అవుతుంది. చెప్పుల షాపు, పుస్తకాల షాపు కూడా అంతే. ఇంగ్లిష్‌లో ఫ్రూట్ ఫ్రూట్‌గానే ఉంటుంది. వందల జతలు అమ్మినా అది ‘షూ షాప్’, వేల పుస్తకాలున్నా ‘బుక్ స్టాల్’. ముందు సీట్లో కూర్చున్న నౌన్ సాధారణంగా ఏకవచనంలోనే ఉండిపోతుంది.

కర్త, కర్మల దగ్గరా ఇదే కథ. ‘రాముడు రావణుణ్ణి చంపాడు’ అన్నా, ‘రావణుణ్ణి రాముడు చంపాడు’ అన్నా చచ్చినవాడు రావణుడే, ద్వితీయా విభక్తి వాడితోనే ఉంది. ‘రామా కిల్డ్ రావణా’లో ఆ రెండు పేర్లనూ అటూ ఇటూ మారిస్తే రామాయణమే తలకిందులవుతుంది. ఇంగ్లిష్ నౌన్‌కు కర్తగా ఉన్నా, కర్మగా ఉన్నా రూపం ఒక్కటే. వరుసను బట్టి, అర్థాన్ని బట్టి పోల్చుకోవాలని ఈ పుస్తకంలో కేసుల పాఠం చెబుతుంది. ఎన్నో చేతులు ఆ పేజీని చదవకుండానే తిప్పేశాయి. ఈ పుస్తకానికి అదే బాధ.

అయితే విభక్తిని గుడ్డిగా నమ్మినా దెబ్బ తగులుతుంది. “నాకు ఇద్దరు తమ్ముళ్లు ఉన్నారు” అంది ఆ అమ్మాయి. తెలుగు క్రియ తమ్ముళ్లను అనుసరించి ‘ఉన్నారు’ అయింది. ‘నాకు’ పక్కన నిలబడింది. ఇంగ్లిష్‌లో ‘ఐ హ్యావ్ టూ బ్రదర్స్’. పక్కనున్నది కర్త కుర్చీ ఎక్కింది, తమ్ముళ్లు కర్మ స్థానానికి జరిగారు. ఆమె రెండు వాక్యాలనూ ఒకదాని కింద ఒకటి రాసుకుని, తమ్ముళ్ల నుంచి బ్రదర్స్‌కు పెన్సిల్‌తో గీత గీసింది. ఆ గీత ఈ పుస్తకం అంచున ఇప్పటికీ ఉంది.

ఇంగ్లిష్ చెప్పే టీచర్లకు ఈ పుస్తకం విన్నపం ఒక్కటే. నౌన్ల రకాల పట్టికను రెండో రోజుకు ఉంచండి. మొదటి రోజు పిల్లల్ని దారిలో కనబడిన నాలుగు బోర్డులు రాసుకు రమ్మనండి. ఏ మాట ఏ సీట్లో ఉందో, అక్కడ ఏం పని చేస్తోందో వాళ్లనే చెప్పనివ్వండి.