మొదటి పేజీ మొనగాడు

మైత్రీవనం చుట్టుపక్కల మెట్లెక్కి డిజిటల్ మార్కెటింగ్ కోర్సు చేసినవాడు, మెట్లు దిగేసరికి నిపుణుడైపోతాడు. మన మొనగాడూ ఆ బాపతే. 'హలో' అనేలోపే ‘గూగుల్లో మొదటి పేజీ నాదీ పూచీ’ అంటాడు. మొదటి స్థానం ఖాయమని ఎవరూ హామీ ఇవ్వలేరని గూగులే రాసిపెట్టింది. ఆ పేజీ ఒక్కటే ఆయన కంట పడలేదు.

ఈమధ్య ఆయనకు ఆత్రేయపురం పూతరేకుల వ్యాపారి ఒకాయన చిక్కారు. బోర్లించిన కుండమీద రేకు తీయడం వాళ్లింటి విద్య. ఆ ఊరి పూతరేకులకు 2023లో జీఐ గుర్తింపు కూడా వచ్చేసింది. ఇక రావాల్సింది ట్రాఫిక్కే అన్నాడు మొనగాడు.

ముందు కనికట్టు. ల్యాప్‌టాప్‌లో కొట్టు పేరు, ఊరి పేరు, యజమాని ఇంటిపేరు వరసగా కొట్టాడు. సైటు పైనే వచ్చింది. పెద్దాయన మురిసిపోయారు. ఇన్ని ఆనవాళ్లు చెబితే పోస్ట్‌మ్యాన్ కూడా తెచ్చి ఇస్తాడుగా అనే పాపిష్టివాళ్లెవరూ అక్కడ లేరు.

తర్వాత ప్రకటనలు. క్లిక్కుకింత అని డబ్బు కోసేవి. కీవర్డు ‘పూతరేకులు’, మ్యాచ్ బ్రాడ్. దాంతో ‘పూతరేకులు ఎలా చేయాలి’ అని వెతికినవాళ్లకూ ఈ ప్రకటనే కనిపించింది. నొక్కారు, తయారీ విధానం లేదని చూసి చక్కాపోయారు. ‘ఎలా చేయాలి’ని నెగటివ్ కీవర్డుగా పెడితే ఆ ఖర్చు ఆగుతుంది. కానీ గ్రాఫు పడిపోదూ! గ్రాఫు ఆయన పంచప్రాణాలు. పైగా పెద్దాయన రోజూ పొద్దున్నే ‘మనది వస్తందో లేదో’ అని సైటు తెరిచి చూసుకుంటారు. కాకినాడలో కూతురూ అంతే. అందరూ విజిటర్లే.

నెలాఖరుకి రంగురంగుల రిపోర్టు వచ్చింది.

“విజిటర్లు మూడింతలయ్యారండీ!”

“ఆయ్, సంతోషమండీ. మరి ఆర్డర్లో?”

“ముందు బ్రాండ్ అవేర్‌నెస్ రావాలండీ.”

“బస్టాండు కాడ కొట్టులో అది లేకుండానే అమ్ముడైపోతన్నాయండీ, మరి?”

“అది ఆఫ్‌లైనండీ,” అన్నాడు జాలిగా.

అంతలో సైటులోని ఎంక్వైరీ ఫారం నుంచి మెయిలొచ్చింది. నెల మొత్తానికి అదే మొదటిది. పెద్దాయన కళ్లజోడు సవరించుకున్నారు. ‘మీ సైటు గూగుల్ మొదటి పేజీలో లేదు. తక్కువ ధరకే మేం తెస్తాం’ అని ఇంకో మార్కెటింగ్ కంపెనీ రాసింది.

మొనగాడు ఎగిరి గంతేశాడు. “చూశారా అండీ, లీడ్!”