మిషను పిన్నిగారి మిషను

ఇవాళ మీరంతా నెలనెలా ఈఎంఐలు కడుతున్నారంటే ఆ పుణ్యం కొంత మా వంశానిది. అమెరికాలో ఐజాక్ సింగర్ 1851లో తన కుట్టు మిషనుకి పేటెంటు తీసుకున్నాడు. మిషను బాగానే ఉంది గానీ ధర వినగానే జనం గుమ్మంలోంచే వెనక్కి పోయారు. ఆయన భాగస్వామి ఎడ్వర్డ్ క్లార్క్ వృత్తికి లాయరు. 1856లో ఆయనకో ఉపాయం తట్టింది: ముందు కొంచెం కట్టి మిషను ఇంటికి పట్టుకెళ్లండి, మిగతాది నెలనెలా ఇచ్చుకోండి. అంతే, అమ్మకాలు ఊపందుకున్నాయి. ఇప్పుడు అదే ఉపాయం మీద టీవీలు, ఫోన్లు, చివరికి విహారయాత్రలు కూడా నడుస్తున్నాయి. నా వాదన ఒక్కటే. మా వాళ్లు ఏ ఇంటికి వెళ్లినా తమ వాయిదా డబ్బు తామే సంపాదించి పెట్టారు. మా ఇంట్లో ఫోను తన వాయిదా తాను కట్టుకోగా నేనైతే ఒక్క నెలా చూడలేదు.

నేను ఉషా మిషన్ని. కంపెనీ పెట్టినాయన తన కూతురి పేరే మాకు పెట్టాడని చెప్పుకుంటారు. పోత ఇనుము ఒళ్లు, నల్ల రంగు, దాని మీద బంగారు రంగు పూలు. తయారీ సంగతులు ఇంతకు మించి చెప్పి విసిగించను. 1969లో తెనాలిలో వాయిదాల మీద కొని, రిక్షా ఎక్కించి ఈ ఇంటికి తెచ్చారు. కొత్త కోడలికి మిషనేమిటని చుట్టాలు మూతులు తిప్పారు. ఆవిడ మావగారు ఖద్దరు మనిషి. యంత్రాల మీద కత్తి కట్టిన గాంధీగారే 1924లో ఎవరో అడిగితే కుట్టు మిషన్ని మాత్రం మినహాయించారని చెప్పి వాళ్ల నోళ్లు మూయించాడు. ఇంటి పెద్ద అంత మాట అన్నాక నాకు ముందుగదిలో, కిటికీ పక్కన వెలుతురులో చోటు దక్కింది.

ఆ వీధిలో ఆవిణ్ణి పేరు పెట్టి పిలిచినవాళ్లు తక్కువ. "మిషను పిన్నిగారూ, జాకెట్టయిందా?" అన్న కేకతోనే తెల్లారేది. సంక్రాంతి ముందు నా చక్రానికి రాత్రీ పగలూ లేదు. నా బాకీ జాకెట్ల మీదే తీరింది. ఆ తరవాత పిల్లల పుస్తకాలు, పాలవాడి ఖాతా, ఒక వానాకాలం ఇంటిమీదికి కొత్త పెంకులు, అన్నీ నా సూది కిందనుంచే వచ్చాయి.

అయితే నేను గర్వంగా చెప్పుకునేది కొత్త బట్టల సంగతి కాదు. కొత్తది ఎవరైనా కుడతారు. పిన్నిగారు ఆడపిల్లకి పరికిణీ కుడితే అడుగున మూడు టక్కులు వేసేది. పిల్ల ఎదిగేకొద్దీ ఏడాదికొకటి విప్పేది. పైగుడ్డ ఉతుకులకి వెలిసిపోయి ఉండేది, టక్కులో దాగున్న గుడ్డ మాత్రం దుకాణంలో కొన్ననాటి నీలంతో బయటపడేది. రెండు రంగులూ కలిసేచోట గీత కొట్టొచ్చినట్టు కనబడుతుంది కదా, దాని మీద సన్నలేసు వేసి నా కింద పెట్టేది. పండక్కి కొత్త లేసు వచ్చిందని పిల్ల మురిసిపోయేది. బాబాయిగారి చొక్కా కాలరు మెడదగ్గర అరిగి పోగులు లేస్తే, దాన్ని విప్పి, తిరగేసి, మళ్లీ బిగించేవాళ్లం. అరిగిన వైపు లోపలికి పోయేది. చొక్కాకి ఇంకో రెండేళ్ల ఆయుష్షు. చీర చిరిగితే పరికిణీ, పరికిణీ చివికితే దిండు గలేబులు, అవీ పోతే బొంతలో ఒక పొర, ఆఖరికి వంటింట్లో మసిగుడ్డ. దీనికి అప్పట్లో ఎవరూ పెద్ద పేర్లు పెట్టలేదు. ఇంటిపని, అంతే.

పాతరోజులన్నీ బంగారమని మాత్రం నేననను. కాలరు తిప్పిన చొక్కా వేసుకుని బడికి వెళ్తే తోటివాళ్లు నవ్వారని ఏడుస్తూ వచ్చిన పిన్నిగారి అబ్బాయి నాకింకా గుర్తున్నాడు. లేమి కూడా ఒక అందమే అనేవాళ్లెప్పుడూ ఆ చొక్కా తొడుక్కుని ఉండరు. పిన్నిగారి నడుంనొప్పికి కారణం నేనేనని డాక్టరు మొహమ్మీదే చెప్పాడు. పెద్దయి ఉద్యోగం వచ్చాక ఆ అబ్బాయి కొన్నదల్లా కొత్తదే ఎందుకు కొన్నాడో ఇంట్లో మిగతా వాళ్లకి అర్థం కాకపోవచ్చు, నాకు అర్థమవుతుంది. క్షమించడం వేరే సంగతి.

1991లో దేశానికే గడ్డుకాలం వచ్చింది. బయటివాళ్లకి కట్టడానికి డాలర్లు లేక ఆ జులైలో రిజర్వు బ్యాంకు దాదాపు 47 టన్నుల బంగారం విమానాల్లో విదేశాలకి పంపి తాకట్టు పెట్టింది. పీవీ నరసింహారావుగారు ప్రధాని అయి నెల కూడా నిండలేదు. పేపరు చదివి బాబాయిగారు దేశం పరువు పోయిందని తెగ బాధపడ్డారు. "మనం కిందటేడు చేసిన పనే ఇప్పుడు ఢిల్లీవాళ్లూ చేశారు, ఊరుకోండి" అంది పిన్నిగారు, పెడలు ఆపకుండానే. ఆవిడ గాజులు తాకట్టు కొట్లో ఉన్నాయి మరి. వాటిని విడిపించింది ఆ ఏటి పెళ్లిళ్ల జాకెట్లు.

రెడీమేడ్లు అంతకు ముందూ ఉండేవి. ఆ తరవాతే మా వీధి చివరిదాకా వచ్చాయి. ఒకరోజు అబ్బాయి చొక్కా చంకలో విడిపోతే నా దగ్గరికి తెచ్చారు. కాస్త వదులు చేసి కుడదామని పిన్నిగారు తిరగేసి చూసింది. లోపల వదిలిన గుడ్డే లేదు. ఓవర్‌లాక్ మిషను అంచుదాకా కత్తిరించుకుంటూ పోయింది. "ఇది బాగుచేసుకోడానికి కుట్టింది కాదురా" అని చొక్కా పక్కన పడేసింది. 2000కీ 2015కీ మధ్య ప్రపంచంలో బట్టల తయారీ దాదాపు రెట్టింపయిందనీ, ఒక్కో బట్టని వేసుకునే సార్లు మూడో వంతుకు పైగా తగ్గాయనీ లెక్కలు వేశారు. ఒక నూలు టీషర్టు వెనక సుమారు 2,700 లీటర్ల నీళ్లున్నాయని ఇంకో అంచనా. నాకు లెక్కలు పట్టవు గానీ, మా ఇంట్లో బీరువా తలుపు మూతపడదు, వేసుకోడానికి మాత్రం ఏమీ లేవంటారు.

పిన్నిగారికి కళ్ల ఆపరేషన్ అయ్యాక నన్ను ముందుగదిలోంచి వెనక వరండాలోకి జరిపారు. బరువెక్కువ కాబట్టి బతికిపోయాను, లేకపోతే అటకెక్కేదాన్ని. ముందు నా మీద ఇస్త్రీ బట్టలు పెట్టారు. తరవాత పాత పేపర్లు, ఆ పైన అట్టపెట్టెలు. సామాను వచ్చిన పెట్టెలు పారెయ్యరు, తిప్పి పంపాల్సి వస్తే కావాలట. బాబిన్లు, గుండీలు, సుద్దముక్క ఉండే నా సొరుగులో పనికిరాని చార్జర్లు చేరాయి. నూనె చుక్క పోసే దిక్కులేక ఉన్న నూనె జిగురై కీళ్లన్నీ పట్టేశాయి. తోలుబెల్టు ఎండి తెగింది. బల్లి గుడ్లు పెట్టింది. మనవలు నా పెడలు మీద కూర్చుని చక్రం తిప్పుతూ బస్సు నడిపేవాళ్లు. అది బాగుండేది, నిజానికి. ఆ రోజుల్లోనే కాళ్ల వ్యాయామానికని వాయిదాల మీద ట్రెడ్‌మిల్ ఒకటి దిగింది. పండగ వెళ్లకముందే దానిమీద తువ్వాళ్లు ఆరేశారు. నన్ను తొక్కితే అదే వ్యాయామం, పైగా జాకెట్టు కూడా వచ్చేది!

ఒకసారి పాత ఇనప సామాన్ల బండివాణ్ణి పిలిచారు. అతను నన్నో కాలు పట్టి ఎత్తి చూసి, కేజీల్లెక్కన ధర చెప్పాడు. పూలు, కూతురి పేరు, పెంకులు, గాజులు, అన్నీ ఆ కేజీల్లోనే. "నేను పోయాక ఇద్దువుగాని" అని పిన్నిగారు మంచమ్మీద నుంచే అంది. బండి వెళ్లిపోయింది. నా తోబుట్టువులందరికీ ఆ అదృష్టం పట్టలేదు. కొందరి తలలు తూకానికి పోయాయి, కాళ్లు మాత్రం కాఫీ హోటళ్లలో గ్రానైటు బల్లలు మోస్తున్నాయి. లండన్‌లో ఒక ఫ్యాషన్ బట్టల కంపెనీ తన దుకాణాల అద్దాల వెనక పాత మిషన్లను వరసలు వరసలుగా పేర్చింది. లోపల అమ్మే ఒక్క బట్టా వాటిమీద కుట్టింది కాదు.

2020 మార్చిలో దేశం తలుపులు మూసుకుంది. ఆ ఏడు ఏప్రిల్ నుంచి జూన్‌ దాకా మూడు నెలల్లో దేశం ఉత్పత్తి అంతకు ముందటేటితో పోలిస్తే దాదాపు నాలుగో వంతు పడిపోయింది. మా ఇంట్లో అది ఇంకో రకంగా తెలిసింది. అబ్బాయి పనిచేసే కాలేజీ సగం జీతమే ఇచ్చి, తరవాత అదీ మానేసింది. రాష్ట్ర ప్రభుత్వం మనిషికి మూడు చొప్పున మాస్కులు పంచుతామని, ఆ కుట్టుపని డ్వాక్రా మహిళలకి ఇచ్చింది. పక్కింటి డ్వాక్రా లీడరు వచ్చి, "పిన్నిగారూ, మీ మిషను ఉందా, అమ్మేశారా?" అని అడిగింది.

అట్టపెట్టెలు దిగాయి. బెల్టు దొరకదు కాబట్టి నైలాన్ తాడు మెలిపెట్టి కట్టారు. నూనె లేదు, కొబ్బరినూనె పోశారు. అది నాకు పడదు, అయినా నోరు మూసుకున్నాను. పిన్నిగారికి సూదిబెజ్జం కనబడదు, దారం ఎక్కించడం మనవరాలి పని. "నాయనమ్మా, చక్రం ఎటు తిప్పాలి?" "నీవైపుకే తిప్పు. అటు తిప్పితే దారం తెగుతుంది." ఆ పిల్ల కంప్యూటర్ చదువు చదివింది, రెండ్రోజుల్లో తిన్నగా కుట్టు వేసింది. మాస్కుల డబ్బు గొప్పదేమీ కాదు. పాలవాడి ఖాతాకి సరిపోయింది, అబ్బాయి మొదటిసారి నావైపు తిన్నగా చూశాడు.

తరవాత జీతాలు వచ్చాయి, కొరియర్లూ వచ్చాయి. ఏరు దాటాక తెప్ప సంగతి మీకు తెలిసిందే. నా చిక్కు ఎవరికి చెప్పుకోను? వీళ్లకి నేను గుర్తు రావాలంటే వీళ్లకి కష్టం రావాలి. అలా కోరుకుంటే పిన్నిగారి ఉప్పు తిన్నదాన్ని కాను. కోరుకోకపోతే బల్లులతో కాపురం.

మనవరాలు మాత్రం వదల్లేదు. మొన్న ఊరంతా వెతికి ఒక ముసలి మెకానిక్కుని తీసుకొచ్చింది. ఆయన కిరసనాయిలుతో నా కీళ్ల జిగురంతా కడిగి, మిషను నూనె పోసి, కొత్త తోలుబెల్టు కొలిచి కోసి పిన్ను బిగించాడు. ఆయన అడిగింది ఒక పిజ్జా ఖరీదు కూడా కాదు. "ఈ పాతదానికి అంతా? ఒక యాభై తగ్గించు" అని అబ్బాయి బేరం మొదలెట్టాడు. ఇంతలో గుమ్మంలో డెలివరీ కుర్రాడు కేకేశాడు. అబ్బాయి ఓటీపీ చెప్పి పెద్ద పెట్టె ఒకటి అందుకుని, ఎక్కడ పెట్టాలా అని చుట్టూ చూసి, అలవాటుగా నావైపు వచ్చాడు.

మెకానిక్కు చెయ్యి అడ్డం పెట్టి, "ఇక్కడొద్దు సార్, ఇంకా నూనె ఆరలేదు" అన్నాడు.