‘కార్డు గుచ్చితి’ పద్యానికి నాచారీయ వ్యాఖ్య

మూలం (తేటగీతి)

కార్డు గుచ్చితి, వైరును గట్టిజేసి,
లైటు పచ్చగ వెలుగంగ లక్షణముగ
కొత్తయోయెస్సు నెక్కింప గోరినంత
కార్డు కనబడదని పల్కె గటిక తెరయు.

అవతారిక

ఈ పద్యానికి కర్త పేరు లేదు. సర్వర్ గదిలో పుట్టిన సాహిత్యానికి కర్తృత్వం ఒప్పుకునేవాడు ఎక్కడా ఉండడు గనుక అది సహజమే. దేశం నాచారం పారిశ్రామికవాడ. షెడ్డు వెనక గది, పక్కన యూపీఎస్ బ్యాటరీలు, పైన జీతాలూ స్టాకూ లెక్కలు మోస్తున్న పాత సర్వర్. కాలాన్ని మూడో పాదం పట్టిస్తుంది. చిన్న కంపెనీలు ఏళ్లుగా నమ్ముకున్న లినక్స్ ఓఎస్ సెంటాస్ 7కు 2024 జూన్ 30న ఆయువు తీరింది. దానికంటే చిన్నదైన సెంటాస్ 8 అంతకు ముందే, 2021 డిసెంబర్ 31న వెళ్లిపోయింది. అన్న ఉండగా తమ్ముడు పోయిన వంశం అది. ‘కొత్త’ అన్న మాట ఆ అశౌచ కాలంలో పుట్టిందని మా మతం.

మెతుకుసీమ కొల్చారం వాడైన మల్లినాథసూరి కాళిదాసుకు వ్యాఖ్య రాస్తూ, మూలంలో లేనిదేదీ రాయనని ఒట్టు పెట్టుకున్నాడు. మేం ఆ ఒట్టు పెట్టుకోలేం. ఇక్కడ గొడవంతా మూలంలో లేనిదాని గురించే.

పాఠభేదం

ఉప్పల్ ప్రతిలో మూడో పాదం ‘కొన్నయోయెస్సు’ అని ఉంది. ఉప్పల్ వైపు అద్దాల మేడల్లో లైసెన్సు కట్టనిదే ఏదీ ఎక్కించరు గనుక ఆ పాఠం అక్కడ పుట్టి ఉంటుంది. గణాలు చెడలేదు, యతి చెడలేదు. ఫలితంలోనూ తేడా లేదు. డబ్బిచ్చి కొన్న విండోస్ సర్వర్ 2019ను మామూలు డెస్క్‌టాప్ బోర్డు మీద ఎక్కించి చూడండి. ఇంటెల్ ఐ219-వీ ఉన్న బోర్డయితే నెట్‌వర్క్ డ్రైవర్ పడదు. దాని తోబుట్టువు ఐ219-ఎల్‌ఎమ్‌కు పడుతుంది. ‘వీ’ ఇంటి వాడకానికి, ‘ఎల్‌ఎమ్’ ఆఫీసు వాడకానికి అని తయారీదారు గీసిన గీత అది. ఇన్‌స్టాలేషన్ ఫైలును చేత్తో దిద్ది, సంతకం తనిఖీని ఆపి ఆ గీత దాటే సాహసులూ ఉన్నారు. జీతాల సర్వర్ మీద ఆ సాహసం మేం ఒప్పుకోం.

ప్రతిపదార్థం

కార్డు = నెట్‌వర్క్ కార్డును; గుచ్చితి = పీసీఐ స్లాటులో అంచుదాకా నొక్కి కూర్చోబెట్టితిని; వైరును = క్యాట్ 6 కేబులును; గట్టిజేసి = టిక్కుమను వరకు తోసి; లైటు = పోర్టు ప్రక్కనుండు చిఱుదీపము; లక్షణముగ = అవతలి స్విచ్చితో సంధి కుదిరినదనుటకు గుర్తుగా; పచ్చగ వెలుగంగ = ఆకుపచ్చగా ప్రకాశించుచుండగా; కొత్తయోయెస్సున్ = క్రొత్త సర్వర్ ఓఎస్‌ను; ఎక్కింపన్ కోరినంత = పెన్‌డ్రైవ్ పెట్టి ఎంటర్ నొక్కినంతనే; కటిక తెరయు = కటిక చీకటి వంటి నల్లని తెర కూడ; కార్డు కనబడదని పల్కెన్ = కార్డు కానరాదని చెప్పెను.

‘తెరయు’ అన్నచోట సముచ్చయాన్ని గమనించాలి. తెర కూడా పలికింది అంటే, అంతకు ముందే ఇంకొకరు ఆ మాట అని ఉన్నారని ధ్వని. ఆ ఇంకొకరు కుర్చీ వెనక నిలబడ్డ యజమాని. ‘ఏందన్నా, నెట్ వస్తలేదా?’ అన్నది ఆయన వాక్యం.

తాత్పర్యం

కార్డు పెట్టాను, వైరు బిగించాను, లైటు వెలిగింది, ఓఎస్ మాత్రం కార్డే లేదంది. ఇంతకు మించి తాత్పర్యం కావాలంటే విజిట్ చార్జీ అవుతుంది.

విశేషం

‘కనబడదు’ అన్నదానికీ ‘లేదు’ అన్నదానికీ మధ్య ఉన్న దూరమే ఈ పద్యానికి ప్రాణం. ఒక వస్తువు లేదని తెలుసుకోవడానికి భాట్ట మీమాంసకులూ అద్వైతులూ అనుపలబ్ధి అని ప్రత్యేకంగా ఒక ప్రమాణాన్నే ఒప్పుకున్నారు. నేల మీద కుండ ఉంటే కనబడేది, కనబడలేదు గనుక లేదు. చెప్పిన వెంటనే షరతు కూడా పెట్టారు. చూడ్డానికి యోగ్యమైన పరిస్థితి ఉండాలి. చీకట్లో కుండ కనబడలేదని కుండ లేదనడం చెల్లదు. ఇన్‌స్టాలర్‌కు వెలుగు డ్రైవర్. ఈ కార్డుకు సరిపడ్డ డ్రైవర్ తన దగ్గర లేనప్పుడు ‘కార్డు లేదు’ అనే అధికారం దానికి లేదు. ‘ఉన్నదో లేదో నేనెరుగ’ అనాలి. ఈ విషయంలో వీఎమ్‌వేర్ ఈఎస్‌ఎక్స్‌ఐ కొంత నయం. కార్డైనా లేకపోవాలి, తగిన డ్రైవరైనా దొరకకపోవాలి అని రెండు పక్షాలూ తెర మీదే చెబుతుంది. చెప్పి అక్కడే ఆగిపోతుంది. డిస్కు ఎంపిక దాకా కూడా పోనివ్వదు.

ఇక్కడ పూర్వపక్షి లేస్తాడు. ‘అయ్యా, మేం పెన్‌డ్రైవ్ పెట్టలేదు. పీఎక్స్‌ఈ పద్ధతిలో నెట్‌వర్క్ మీదుగానే బూట్ చేశాం. ఇన్‌స్టాలర్ ఈ కార్డు గుండానే లోపలికి వచ్చింది. వచ్చిన గుమ్మమే లేదంటే ఎలా?’ ఇది బలమైన ప్రశ్నే. సమాధానం: బూట్ సమయంలో కార్డును నడిపేది దాని మీదే ఉన్న చిన్న రోమ్‌లోని ప్రోగ్రాము. అది ఓఎస్ గుండెకాయ అయిన కెర్నెల్‌ను మోసుకొచ్చి మెమరీలో దించేసి తప్పుకుంటుంది. కెర్నెల్ లేచాక తన సొంత డ్రైవర్‌తో కార్డును మళ్లీ మొదటినుంచి పలకరించాలి. ఆ డ్రైవర్ లేకపోతే, తనను మోసుకొచ్చినదాన్నే ఎరగనంటుంది. లోకంలో ఇలాంటి కృతఘ్నత కొత్తేమీ కాదు గనుక పూర్వపక్షి కూర్చోవచ్చు.

ఎరగడం అంటే ఏమిటి? కార్డు మీది స్టిక్కరుతో ఓఎస్‌కు పని లేదు. ప్రతి పీసీఐ కార్డూ రెండు సంఖ్యలు మోస్తుంది. ఒకటి తయారీదారుది, రెండోది ఆ నమూనాది. ఇంటెల్‌ది 8086, అంటే 1978లో తాను తెచ్చిన ప్రాసెసర్ పేరే. రియల్‌టెక్‌ది 10ఈసీ, బ్రాడ్‌కామ్‌ది 14ఈ4, మెలనాక్స్‌ది 15బీ3. ప్రతి డ్రైవర్ తాను ఏ ఏ సంఖ్యలకు పలుకుతుందో ఒక పట్టిక పెట్టుకుంటుంది. సంఖ్య పట్టికలో ఉంటే కార్డుంది, లేకపోతే లేదు. లినక్స్‌లో ఎల్‌ఎస్‌పీసీఐ ఆదేశానికి ‘ఎన్‌ఎన్’ తగిలిస్తే ఈ సంఖ్యలు బయటపడతాయి. నెట్‌వర్క్ లేదన్న తెర మీదే ఈ ఆదేశం కొట్టి చూడండి, కార్డు నంబరుతో సహా వరసలో కనబడుతుంది. అంటే తెర పలికింది అబద్ధమని తెరే ఒప్పుకున్నట్టు. పద్యకర్త ఈ ఆదేశం కొట్టి ఉంటే నాలుగో పాదం వేరేగా ఉండేది.

ఇందులో ఒక సూక్ష్మం చాలామందికి అంతుబట్టదు. కొత్త కూర్పులో డ్రైవర్ ఫైలు ఉంటుంది, దాని పేరు చూసి మనం ధైర్యంగా ఉంటాం. పట్టికలో మన కార్డు సంఖ్య ఒక్కటే కొట్టేసి ఉంటుంది. 2019లో వచ్చిన రెడ్ హ్యాట్ ఎంటర్‌ప్రైజ్ లినక్స్ 8 లోనూ, 2022లో వచ్చిన 9 లోనూ పాత నమూనాలు కొన్ని ఇలా రాలిపోయాయి. సిలికాన్ అరిగిపోలేదు. పదేళ్ల పాటు దాన్ని పరీక్షిస్తామన్న పూచీని వాళ్లు వదులుకున్నారు, అంతే. ఇందులో రెడ్ హ్యాట్‌ను తిట్టడం మాకిష్టం లేదు. పూచీకి ఖర్చవుతుంది. తిట్టాల్సింది ఆ జాబితాను ముందే ప్రకటించినా చదవని మనల్ని. అలా రాలిన డ్రైవర్లలో కొన్నిటిని 2024 మేలో అల్మాలినక్స్ 9.4 తిరిగి చేరదీసింది. ఈఎల్‌రెపో వాళ్లు ఇలాంటి కార్డుల కోసమే డ్రైవర్ డిస్కులు తయారుచేసి పెడతారు, బూట్ వరసలో ఇన్‌స్ట్-డీడీ అని చేర్చి వాటిని అందించవచ్చు. ఈఎస్‌ఎక్స్‌ఐలో ఆ కరుణ లేదు. లినక్స్ నుంచి అరువు తెచ్చుకున్న పాత డ్రైవర్ల పొరను 2020 ఏప్రిల్ నాటి 7.0 కూర్పులో మొత్తంగా తీసేశారు. 6.7లో బయటి డ్రైవర్ కలిపి నడుపుకున్న రియల్‌టెక్ కార్డులన్నీ ఆ ఒక్క అప్‌గ్రేడుతో మాయం.

డ్రైవరుండీ పని జరగని దశ ఇంకొకటి ఉంది. సికింద్రాబాద్ ప్యారడైజ్ దగ్గరి చెనాయ్ ట్రేడ్ సెంటర్ చుట్టుపక్కల వెతికితే సెకండ్‌హ్యాండ్ డెల్ ఆర్710 లాంటి యంత్రాలు తగులుతాయి. బోర్డు మీద బ్రాడ్‌కామ్ 5709 ఉంటుంది. ఆ చిప్‌కు డ్రైవర్‌తో పాటు ఫర్మ్‌వేర్ అనే ఇంకో ముక్క కూడా కావాలి. డెబియన్ ఆ ముక్కను స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్ కాదన్న నియమంతో అధికారిక సీడీలో పెట్టేది కాదు. పేరు మాత్రం చూపించి, పెన్‌డ్రైవ్‌లో తెచ్చి పెట్టమనేది. దీక్ష గొప్పదే. అర్ధరాత్రి నాచారంలో నిలబడ్డవాడికి దీక్షతో పని లేదు. 2022లో డెబియన్ సభ్యులు ఓటు వేసుకుని నియమం సడలించారు. 2023 జూన్ 10న వచ్చిన డెబియన్ 12 నుంచి ఫర్మ్‌వేర్ సీడీలోనే ఉంటోంది.

తార్కికులు అన్యోన్యాశ్రయమని ఏ దోషాన్ని తోసిపుచ్చారో అది ఇక్కడ ప్రత్యక్షంగా కొలువైంది. నెట్ రావాలంటే డ్రైవర్ కావాలి. డ్రైవర్ నెట్‌లో ఉంది. శాస్త్రంలో దీనికి పరిష్కారం లేదు, ఫోనులో ఉంది. ఆండ్రాయిడ్ ఫోనును యూఎస్‌బీ కేబులుతో తగిలించి టెథరింగ్ నొక్కితే లినక్స్ దాన్నే ఒక నెట్‌వర్క్ కార్డుగా స్వీకరిస్తుంది, ఎందుకంటే ఆ డ్రైవర్ చాలా కూర్పుల్లో ముందే ఉంటుంది. ఇరవై వేల రూపాయల కార్డు చేయని పనిని జేబులోని ఫోను చేస్తుంది. నాచారం సంప్రదాయంలో దీన్నే సిద్ధాంతంగా చెప్పుకుంటారు.

అలంకారం

కారణాలన్నీ ఉండీ కార్యం జరగకపోతే విశేషోక్తి. కార్డుంది, వైరుంది, లైటుంది, నెట్ లేదు. దృష్టాంతం కోసం ఊరు దాటక్కర్లేదు. 2018లో పనులు మొదలైన ఉప్పల్–నారపల్లి ఫ్లైఓవర్‌కు ఏళ్ల తరబడి స్తంభాలు నిలబడే ఉన్నాయి, వరంగల్ బండ్లు మాత్రం కింద గుంతల్లోనే పోయాయి. లైటు సంగతి వేరు. డ్రైవర్ అనే కారణం లేకుండానే వెలిగింది గనుక అక్కడ విభావన అని ఒక పక్షం. అది తప్పు. తీగ అవతలి స్విచ్చితో వేగం కుదుర్చుకునేది కార్డులోని హార్డ్‌వేరే, దానికి కరెంటు చాలు, ఓఎస్ అక్కర్లేదు. కారణం ఉంది గనుక విభావన లేదు. లైటును చూసి ఊరట చెందినవాడికి భ్రాంతిమదాలంకారం చెప్పుకోవచ్చు.

నామవిచారం

కార్డు కనబడ్డాక కూడా నెట్ రాని ఘట్టం మూలంలో లేదు, కానీ జరుగుతుంది. పాతకాలంలో మొదటి కార్డు పేరు ఈత్-సున్నా. లినక్స్‌లో 2013లో వచ్చిన సిస్టమ్‌డీ 197వ కూర్పు దగ్గర్నుంచి పేర్లు కార్డున్న చోటును బట్టి పెడుతున్నారు: ఈనో1 అని, ఈఎన్‌పీ3ఎస్0 అని. పాత సర్వర్ నుంచి తెచ్చిన ఫైర్‌వాల్ స్క్రిప్టు ఈత్-సున్నా కోసం పిలుస్తూ కూర్చుంటుంది, ఎవరూ పలకరు.

ఉపసంహారం

నాచారం నుంచి మల్లాపూర్ మీదుగా పోతే వచ్చే ఈసీఐఎల్‌లో ఒకప్పుడు టీడీసీ-12 అనే కంప్యూటర్ తయారైంది. యంత్రం కట్టిన ఇంటివాళ్లే దానికి ప్రోగ్రాములూ సమకూర్చే ఆ రోజుల్లో ఇలాంటి పద్యానికి అవకాశం తక్కువ. ఇప్పుడు కార్డు ఒకరిది, చిప్ ఇంకొకరిది, డ్రైవర్ మరొకరిది, ఓఎస్ వేరొకరిది, తిట్లు మాత్రం అన్నీ బిగించినవాడివే. ఈ కవిని మేం అందుకే తప్పుపట్టం. తప్పల్లా క్రమంలో ఉంది. ముందు ఓఎస్ తేల్చుకుని, తర్వాత ఆఫీసులో మిగిలిపోయిన కార్డేదో గుచ్చాడు. ముందు కార్డు సంఖ్య రాసుకుని, ఓఎస్ ఇచ్చేవాళ్ల హార్డ్‌వేర్ జాబితాలో వెతికి, ఆ తర్వాత ముహూర్తం పెట్టాలి. సర్వర్ కొనబోయే పాఠకులకు ఒకటే మనవి: ఎక్కించబోయే ఓఎస్‌ను పెన్‌డ్రైవ్‌లో తీసుకెళ్లి దుకాణంలోనే బూట్ చేసి చూడండి. అందుకు ఒప్పుకోని దుకాణంలో కొనకండి.