తేటనీటి ధ్రువపత్రం

హైదరాబాదు పడమటి దిక్కున ముప్ఫై, నలభై అంతస్తులు లేస్తున్న సైటు దేనికైనా వెళ్లండి. వానాకాలమైతే మరీ మంచిది. సెల్లారు గుంత చెరువై ఉంటుంది. గుంతలోని ఎర్రనీటిని మోటారు తోడి పక్కనున్న తొట్టిలో పోస్తుంది, మట్టి అడుక్కు దిగుతుంది, పైన తేరిన నీరు నాలాలో కలుస్తుంది. సైటు ఇంజనీరు ఆ నీళ్లు సీసాకు పట్టి వెలుగుకెత్తి చూపిస్తాడు. "చూశారుగా సార్, కొబ్బరినీళ్లే!"

నిజమే. కంటికి కనిపించనివి కనిపించడం లేదు మరి.

గుంత గట్టున రేకుల షెడ్లు. వాటిలో ఒడిశా నుంచి, బీహారు నుంచి, మన పాలమూరు నుంచి వచ్చిన కూలీలు. పనిచోట మరుగుదొడ్లు ఉండాలని 1996 నాటి భవన నిర్మాణ కార్మికుల చట్టం 33వ సెక్షన్లోనే రాశారు. చాలా సైట్లలో ఆ సెక్షనంటే పక్కనున్న ఖాళీ ప్లాటు. వాన పడితే అక్కడిదంతా పల్లానికి, అంటే గుంతలోకే, వస్తుంది.

మట్టితోపాటు మలంలోని ఈ.కోలై బాక్టీరియా కూడా తొట్టి అడుక్కు దిగుతుంది. దిగినంత మాత్రాన చావదు. ఎండ సోకదు, తిండికి కొదవ లేదు. పైనీటిలోకన్నా బురదలోనే ఎక్కువకాలం బతుకుతుంది. జడివాన కొట్టినా, మోటారు గొట్టం అడుగుకు తగిలినా లేచి నాలా పడుతుంది. నీడా కూడూ లోటు లేని లేబర్ క్యాంపు ఆ సైటు మొత్తానికి అదొక్కటే.

కాగితాల్లో మాత్రం వేలు పెట్టే సందుండదు. 1986 పర్యావరణ నియమాల ఆరో షెడ్యూలు ప్రకారం కాలువల్లోకి వదిలే వ్యర్థజలంలో కరగని పదార్థం లీటరుకు 100 మిల్లీగ్రాములు దాటకూడదు. ఆ పట్టికలో సీసానికీ పాదరసానికీ ఆర్సెనిక్‌కీ గడులున్నాయి, ఈ.కోలై లాంటి కోలిఫాం బాక్టీరియాకు లేదు. అడగని ప్రశ్నకు జవాబు రాసేంత అమాయకుడా బిల్డరు? అదే భవనంలో జనం కాపురముంటే మాత్రం మురుగు శుద్ధికి 2017 నాటి ప్రమాణం ఉంది: 100 మిల్లీలీటర్లకు మలసంబంధ కోలిఫాం 1000 లోపుండాలి. కొన్నవారి మలానికి లెక్కుంది. కట్టినవారిది తేటనీరు.

ముందు నాలుగు దొడ్లు కట్టించండయ్యా అంటే 'కాస్ట్ పెరుగుతుంది సార్' అంటారు, క్లబ్‌హౌసు ఈతకొలను నమూనా పక్కనే నిలబడి.

తొట్టిలో మిగిలిన నీళ్లూ వృథా పోవు. ట్యాంకరుకెత్తి, దుమ్ము లేవకుండా రోడ్డు మీద చల్లుతారు. బ్రోచరులో దాని పేరు జలసంరక్షణ. ట్యాంకరు వెనకే ఊడ్చుకుంటూ వచ్చే ఆవిడకు ముక్కుకు గుడ్డయినా ఇవ్వరు. కొబ్బరినీళ్లకు గుడ్డెందుకు?