ఒక తూకపు కాటా ఆత్మకథ

మనుష్యుని బరువులో అస్థి యెంత, మాంసమెంత, క్రొవ్వెంత, నీరెంత యను విభాగము నాకు తెలియదు. నా పలకపై నిలిచినవాడు తన సమస్తమును ఒక్క రాశిగా నాపై మోపును; నేనా రాశిని ఒక్క అంకెగా దండముపై చూపుదును. ఇనుప పలక, నిలువు స్తంభము, అడ్డముగా గీతలు చెక్కిన దండము, దానిపై ఇటునటు జరుగు రెండు గుండ్లు, ఇంతియే నా దేహము. విద్యుత్తుతో వెలిగెడు అంకెల యంత్రములు వచ్చిన పిమ్మటను నన్ను పారవేయకుండుటకు కారణము, కరెంటు పోయినను నా తూకము పోకుండుటయే.

నేను మొదట నిలిచిన తావు సికింద్రాబాదు రైల్వే స్టేషనునకు సమీపముననున్న పాత గాంధీ ఆసుపత్రి. 1851లో చిన్న వైద్యశాలగా పుట్టి, తెల్లదొరల కాలమున కింగ్ ఎడ్వర్డ్ పేర వెలసి, స్వాతంత్ర్యానంతరము మహాత్ముని పేరు దాల్చిన యా ఆసుపత్రికి, లష్కరని పిలువబడు సికింద్రాబాదు వీథులవారే గాక తెల్లవారుజామున రైలు దిగి మూటలతో నడిచివచ్చు పల్లెటూళ్ళవారును వచ్చుచుండిరి. మెడికల్ ఓపీ ద్వారముచెంత నన్ను నిలిపిరి.

అక్కడ నన్నెక్కినవారిలో మధుమేహ రోగులు పెక్కండ్రు. బరువు చీటీపై వ్రాసి, రక్తపు పోటు కొలిచి, చక్కెర పరీక్షకు రక్తము తీసికొన్న పిమ్మట, మూత్రపరీక్షకని చేతికిచ్చిన చిన్న సీసాను కొందరు సిగ్గుపడియో, వరుస పొడవని విసిగియో గోడవార విడిచి వెళ్ళుట చూచితిని. వారి రాబోవు పదేండ్ల వృత్తాంతము ఆ ఖాళీ సీసాలో వ్రాయబడక మిగిలిపోయెను. ఒక్కొక్క మూత్రపిండములో సుమారు పది లక్షల సూక్ష్మమైన వడపోత గుళికలు కలవు. రెండు పిండములును కలిసి దినమునకు 180 లీటర్ల ద్రవమును వడగట్టి, అందు పనికివచ్చు దానినెల్ల తిరిగి రక్తమున కప్పగించి, ఒకటిన్నర లీటరు మాత్రమే బయటికి పంపును. చక్కెర హెచ్చిన రక్తము ఏండ్ల తరబడి పారినచో ఆ గుళికలలో పీడనము పెరుగును, వాని గోడలు దళసరియై కట్టు తప్పును, రక్తమునందే నిలువవలసిన ఆల్బుమిన్ అను మాంసకృత్తు లేశమాత్రముగ మూత్రములోనికి జారును. కడిగినను పోని నురుగు దాని ఆనవాలు. అయితే కంటికి నురుగు కనబడుటకు ఎంతో పూర్వమే పరీక్షకు ఆల్బుమిన్ పట్టుబడును. ఆ దశలో నొప్పి లేదు, జ్వరము లేదు, ఆకలి తగ్గదు. రక్తములోని క్రియాటినిన్ అను వ్యర్థపదార్థము సైతము హద్దులోనే యుండును, ఏలనగా ఇంచుమించు సగము గుళికలు నశించువరకు మిగిలినవి ఎక్కువ పని భరించి లోపమును కప్పిపుచ్చును. అప్పుడు పట్టుకొన్నచో చక్కెరను, పోటును అదుపున నుంచి, గుళికలలోని పీడనము తగ్గించు టెల్మిసార్టాన్, రామిప్రిల్ వంటి మాత్రలను వైద్యుని ఆజ్ఞపై వాడి, వ్యాధి నడకను ఏండ్లకేండ్లు మందగింపజేయవచ్చును. ఇంతటి మేలు ఒక సీసాడు మూత్రమునం దున్నదని ఆ వరుసలో నిలిచినవారికి ఎలుగెత్తి చెప్పవలెనని నా ఇనుప దేహము ఎన్నిమారులు తహతహలాడెనో!

అట్లు సీసా విడిచివెళ్ళినవారిలో మోండా మార్కెట్టులో కూరగాయల దుకాణము నడుపు పెద్దమనిషి యొకడుండెను. జీవితమంతయు తానును కాటా పట్టినవాడగుటచే, నన్నెక్కినపుడెల్ల గుండు సరియైన గీతపై నిలిచినదో లేదో వంగి చూచి గాని దిగెడివాడు కాడు. అప్పుడాయన తూకము 74 కిలోలు. కొన్నాళ్ళు వచ్చెను, పిమ్మట రాడయ్యెను. మరల నేనాయనను చూచునప్పటికి నా తావు మారెను, ఆయన జీవితమును మారెను.

2003లో ఆసుపత్రి ముషీరాబాదులోని పాత జైలు స్థలమున కట్టిన విశాల భవనములకు తరలెను, నేనును తరలితిని. అచ్చట కొంతకాలమునకు నన్ను డయాలసిస్ వార్డుకు పంపిరి. 2007లో ఆరోగ్యశ్రీ పథకము వచ్చిన పిమ్మట, అంతకుముందు పుస్తెలమ్మి నాలుగు మారులు చేయించుకొని అయిదవమారు రాలేకపోవుచుండిన నిరుపేదలకును ఆ చికిత్స అందుబాటైనది. ఆ పడకలపై ఆటో నడుపువారు, ఇండ్లలో పనిచేయు అమ్మలు, పెండ్లికాని యువకులు పక్కపక్కనే పరుండుట నేనెరుగుదును.

ఈ వార్డులో నా తూకమునకు అర్థమే వేరు. ఓపీలో బరువనగా దేహపుష్టి. ఇచ్చట బరువనగా నీరు. మూత్రము రాని దేహములో త్రాగిన ప్రతి లీటరు నీరును ఒక కిలోయై నిలిచిపోవును. రోగి వచ్చినపుడొకమారు, వెళ్ళునపు డొకమారు నన్నెక్కును. దేహములో అదనపు నీరేమియు లేనపుడుండవలసిన బరువును వైద్యులు డ్రై వెయిట్ అందురు. వచ్చినప్పటి తూకమునుండి దానిని తీసివేయగా మిగిలినంత నీరును యంత్రము నాలుగు గంటలలో లాగవలెను. చేతిలో సిరను ధమనికి కలిపి కుట్టిన ఫిస్టులా నుండి నిమిషమునకు పావు లీటరునకు పైగా రక్తము గొట్టములోనికి వచ్చి, వెండ్రుకలవంటి వేల బోలు నాళములు గల డయలైజరులో దూరును. ఆ నాళముల వెలుపల ఎదురు దిశగా నిమిషమునకు అర లీటరు చొప్పున శుద్ధద్రవము ప్రవహించును. యూరియా, పొటాషియము మొదలైనవి హెచ్చుగా నున్న రక్తము నుండి తక్కువగా నున్న ద్రవములోనికి తామే దాటిపోవును. ఒక్కమారు చికిత్సకు ఈ రీతిగ సుమారు 120 లీటర్ల ద్రవము వ్యయమగును. 1943లో జర్మనుల ఆక్రమణలోనున్న హాలండులో, కాంపెన్ అను చిన్న పట్టణమున, విల్లెమ్ కోల్ఫ్ అను యువవైద్యుడు సెల్లోఫేన్ గొట్టమును కొయ్యపీపాకు చుట్టి ఈ యంత్రమునకు ఆద్యమైన రూపము కల్పించెను; మొదట చికిత్స పొందినవారిలో చాలమంది మరణించినను ఆయన విడువలేదు, 1945లో ఒక వృద్ధురాలు స్పృహ దప్పిన స్థితినుండి తేరుకొని లేచి కూర్చుండెను.

మోండా పెద్దాయన ఈ వార్డునకు తొలిసారి వచ్చినపుడు చక్రాల కుర్చీలో వచ్చెను. ఇద్దరు పట్టుకొనగా నన్నెక్కి, అలవాటు చొప్పున వంగి గుండును చూడబోయి, ఆయాసముచే వంగలేకపోయెను. నా దండము 74 కిలోలే చూపెను. ఈ అంకె ఎంతటి భయంకరమైన అసత్యమును దాచుకొన్నదో చెప్పెదను. ఆయన దేహమున మాంసము కరిగి, ఆ స్థానమున నీరు నిండెను. రెండింటి మొత్తము మాత్రము మునుపటిదే. ఆ నీరు తీసి చూచునప్పటికి ఆయన అసలు బరువు 66 కిలోలే యని తేలినది.

ఓపీ విడిచిన పిమ్మట నడచిన కథను ఆయన నోటనే, పక్క పడకవారికి చెప్పుచుండగా వింటిని. రోజంతయు నిలుచుటచే మోకాళ్ళు నొచ్చి, మందుల దుకాణమున చీటీ లేకుండ నొప్పి మాత్రలు కొని నెలల తరబడి మ్రింగెను. అవి దెబ్బతిన్న మూత్రపిండములకు రక్తప్రసరణను మరింత తగ్గించునని ఆయనకెవరు చెప్పిరి? కొంతకాలమునకు ఉదయము లేవగనే కన్నుల క్రింద ఉబ్బు, సాయంకాలమునకు పాదములలో వాపు వచ్చెను. ఒళ్ళు చేసినావని చుట్టములు సంతోషించిరి. అటుపై ఇంకొక శుభవార్త వచ్చెను: షుగరు దానంతట అదే తగ్గసాగెను. మాత్రలు మానినను పెరుగలేదు. ‘షుగర్ పోయిందే, ఇగ నాకేం రోగం లేదని ఇంటిల్లిపాదికి మిఠాయి పంచిన,’ అని ఆయన చెప్పినపుడు పక్క పడకవాడు తల త్రిప్పుకొనెను. రక్తములోని ఇన్సులినును విచ్ఛిన్నము చేసి తొలగించు పనిలో మూత్రపిండములకు పెద్ద పాలు కలదు. అవి చెడినపుడు ఇన్సులిను దేహములో హెచ్చుకాలము నిలుచును, చక్కెర తగ్గును. మధుమేహము నయమైనదని మురియుచున్న గృహస్థుని ఇంట నిజముగా జరుగుచుండినది మూత్రపిండముల అవసానము. ఏండ్ల తరబడి షుగరున్న మనిషికి, తిండి మారక మందు పెరుగక, హఠాత్తుగా షుగరు తగ్గిపోయినచో, సంతోషించుటకు ముందు క్రియాటినిన్ చూపించుకొనుమని నేను వేడుకొందును.

దాహము ఈ వ్యాధిగ్రస్తుల నిత్యశత్రువు. రోజుకు రెండు మూడు గ్లాసుల కొలతలో నీరు, మజ్జిగ, ఇరానీ చాయ్, చారు సమస్తమును ఇమిడిపోవలెను. ఉప్పు తినిన నోరు ఆ కొలతను ఒప్పుకొనదు. ఆవకాయ, అప్పడము, వడియము మానిన రోగి తూకము రెండు చికిత్సల నడుమ రెండు కిలోలు పెరుగు చోట, మానని రోగి తూకము నాలుగు పెరుగును. ఆషాఢమున లష్కరు బోనాల మరునాడు వచ్చువారి తూకములు నేనెన్నడును మరువలేను. ఒక బోనాల సోమవారమున సిస్టరు ‘పెద్దయ్యా, ఐదు కిలోలు పెరిగినవ్, నిన్న ఏం తాగినవ్?’ అని అడుగగా, మోండా పెద్దాయన ‘అమ్మవారి పండుగ గద సిస్టరమ్మా, మనసాగలె’ అని తల వంచుకొనెను. ఆమె కోపపడలేదు. అన్ని లీటర్లు ఒక్కమారుగా లాగినచో పోటు పడిపోయి పిక్కలు కొంకర్లు పోవునని, కొంత నేడు, మిగిలినది రేపు తీయింతుమని నచ్చజెప్పెను. అట్టి సిస్టరుల ఓర్పును నేను వందనీయమని భావింతును. నీటికంటెను హఠాత్తుగా ప్రాణము తీయునది పొటాషియము. అది మితిమీరినచో గుండె లయ తప్పి ఆగును. కొబ్బరినీళ్ళు, అరటిపండు, బత్తాయి రసము ఆరోగ్యవంతునకు అమృతమే గాని ఇచ్చటివారికి విషతుల్యములు. కూరగాయలను చిన్న ముక్కలుగ తరిగి, విస్తారమైన నీట ఉడికించి, ఆ నీరు వార్చివేసి వండుకొనుమని చెప్పినపుడు, జన్మమంతయు ఆకుకూరల తాజాదనమునే అమ్మినవాడగుటచే ఆయన మొగము చిన్నబోయెను. అయినను మరుసటి వారమునుండి అట్లే వండించుకొనెను.

రోగుల కేస్ షీట్లు నా స్తంభమునకు తగిలించిన పలకపైననే ఉంచుదురు గనుక అందలి అంకెలు నాకు పరిచితములు. వానిలో రెండింటి వెనుక ఒక తెలుగువాని మేధ యున్నదని తెలిసిన నాడు నేను పొందిన ఆనందమింతింత గాదు. 1895లో భీమవరమున జన్మించిన యల్లాప్రగడ సుబ్బారావు, అమెరికాలోని హార్వర్డు విశ్వవిద్యాలయమున సైరస్ ఫిస్కేతో కలిసి, రక్తములోని భాస్వరమును వర్ణమార్పుచే కొలుచు పద్ధతిని 1925లో ప్రకటించెను. దశాబ్దములపాటు లోకమందలి ప్రయోగశాలలు దానిననుసరించెను. మూత్రపిండములు చెడినవారిలో భాస్వరము పేరుకొని చర్మమున దురద, ఎముకలలో పెళుసుతనము కలిగించును గనుక ఆ అంకె ఇచ్చట ప్రతినెలయు చూడదగినది. ఆ యిరువురే 1927లో కండరములలోని ఫాస్ఫోక్రియాటిన్ అను శక్తినిధిని కనుగొనిరి. ఆ క్రియాటినే నిత్యము కొంతకొంతగ క్రియాటినిన్‌గా మారి మూత్రమున వెడలును. కండ క్షీణించినవారిలో క్రియాటినిన్ తక్కువగానే పుట్టును గనుక, ఎముకల గూడైన వృద్ధురాలి విషయమున ఆ అంకె కొంచెమే హెచ్చినను వైద్యుడు వయస్సును చేర్చి లెక్కకట్టి చూడవలెను. అంకెను నమ్మి మనిషిని చూడనివాడు నా తూకముచే మోసపోయినట్లే దానిచేతను మోసపోవును.

షుగరు గాని, మునుపు పోటు గాని లేకయే ఇచ్చటికి వచ్చువారును కలరు. శ్రీకాకుళము జిల్లా ఉద్దానమునుండి భవన నిర్మాణపు పనులకై భాగ్యనగరమునకు వలసవచ్చిన యువకుడొకడు కొన్ని నెలలు ఈ వార్డునకు వచ్చెను. కవిటి ప్రాంతమువాడు. ‘మా అయ్యకీ ఇదే, మా పెదనాన్నకీ ఇదే,’ అని అతడు నిర్వికారముగ చెప్పుచుండెను. కొబ్బరితోటల, జీడితోటల నడుమనున్న కవిటి, సోంపేట, కంచిలి, వజ్రపుకొత్తూరు మొదలైన మండలములలో తరములుగ వ్యాపించిన ఈ వ్యాధికి త్రాగునీరు, ఎండలో శ్రమ, పురుగుమందులు, వంశగుణము ఇవన్నియు శాస్త్రజ్ఞుల శంకకు పాత్రములైనవి. 2023 డిసెంబరులో పలాసలో మూత్రపిండ వ్యాధుల పరిశోధన కేంద్రమును, ఆసుపత్రిని ప్రారంభించి, హిరమండలము జలాశయమునుండి ఉద్దానమునకు త్రాగునీరు పంపు ఏర్పాటును చేసిరి. ఆ వార్త వినిన యువకుడు స్వగ్రామమునకు దగ్గరగ చికిత్స దొరకునని తలచి వెళ్ళిపోయెను.

మోండా పెద్దాయనను వార్డునకు తోడ్కొనివచ్చునది ఆయన కుమార్తె. రెండవ కాన్పునాటినుండి ఆమెకును షుగరున్నది. ఒకనాడు తండ్రి నన్ను దిగుచు, తన చేయి పట్టుకొన్న ఆమెతో ‘బిడ్డా, నేను ఆ దినం సీసా గోడకాడ పెట్టి పోయిన. నువ్వు క్రింద ఓపీల మూత్రం, నెత్తురు పరీక్షకిచ్చి రా, అప్పటిదాంక నేను మంచమెక్క,’ అనెను. ఎంత చెప్పినను వినలేదు. ఆమె వెళ్ళి ఇచ్చి వచ్చినపిదపనే సూదులు గ్రుచ్చనిచ్చెను. ఫలితము వచ్చెను: రక్తమున క్రియాటినిన్ 0.8, నిష్కళంకము, మూత్రమున ఆల్బుమిన్ మాత్రము 30 దాటరాని చోట 90. మూడు నెలలకు మరల చూచినను హద్దు దాటియే యుండుటచే వైద్యురాలు మాత్ర వ్రాసి, ఉప్పు తగ్గింపుమని, నొప్పి మాత్రలు ముట్టవద్దని చెప్పెను. ఆ తరువాతి పరీక్షలో 90 ఉన్న చోట 50 వచ్చెను. కుమార్తె ఆ కాగితమును తెచ్చి చూపగా, పెద్దాయన కండ్లద్దములు సవరించుకొని ఆ అంకెను రెండుమారులు చదివి, మోండాలో దుకాణములు నడుపుచున్న తన తమ్ములిద్దరిని వచ్చు సోమవారమే ఓపీకి తీసికొనిరమ్మని ఆమెకు పురమాయించెను.